గాలి ఆడే గౌను: హవాయి మూమూ మనకు చెప్పే చరిత్ర

హవాయి దీవుల్లో ఆడవాళ్లు వేసుకునే ఒక వదులు గౌను ఉంది. పేరు మూమూ. అక్కడివాళ్లు మధ్యలో చిన్న విరుపుతో ము-ఉ-ము-ఉ అని పలుకుతారు. భుజాల దగ్గర నిలిచి, నడుము దగ్గర ఎక్కడా బిగించకుండా, కిందిదాకా జారే నూలు గౌను అది. ఎండాకాలంలో ఒంటికి గాలి తగలడానికి అంతకంటే తేలికైన కుట్టు లేదంటారు. 1950లలో, 60లలో కుట్టిన పాత మూమూలను ఈనాటి ఆడపిల్లలు వెతికి మరీ కొనుక్కుంటున్నారు. అమ్మమ్మల పెట్టెల్లోంచి తీసి వేసుకుంటున్నారు.

పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న దీవుల గౌనుతో మనకేం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. ఆ గౌను చరిత్ర ఒక ఆదివాసీ జాతి చరిత్ర. బయటివాళ్లు వచ్చి "మీ ఒంటి మీద బట్ట సరిగా లేదు" అని చెప్పిన రోజు నుంచి, ఆ మాటకు ఆ జాతి రెండు వందల ఏళ్లుగా చెబుతూ వచ్చిన జవాబు దాకా అందులో ఉంది. ఆ మాట మనమూ విన్నాం. మన అవ్వలు విన్నారు, మన పిల్లలు ఇంకా వింటున్నారు. అందుకే ఈ కథ మన చిన్నవాళ్లకూ, వాళ్లకు చదువు చెప్పే పంతుళ్లకూ తెలియాలని రాస్తున్నాం.

సూర్యుణ్ణి కట్టేసిన కొడుకు

తెల్లవాళ్లు రాకముందు హవాయి వాళ్లకు నేత లేదు. పత్తి నూలు లేదు. వాళ్ల బట్ట చెట్టు బెరడుతో తయారయ్యేది. దాని పేరు కాపా. వౌకే అనే చెట్టును వరుసల్లో నాటి, పక్క కొమ్మలు రాకుండా గిల్లుతూ నిటారుగా పెంచేవారు. సన్నటి కాండం నరికి బెరడు ఒలిచి, పై పొర గీకేసి, లోపలి నారను నీళ్లలో నానబెట్టేవారు. ముందు రాతి దిమ్మె మీద గుండ్రటి కట్టెతో కొట్టేవారు. మళ్లీ నానబెట్టి, ఈసారి చెక్క దిమ్మె మీద నలుపలకల కట్టెతో కొట్టేవారు. ఆ కట్టె పలకల మీద చెక్కిన గీతలు గుడ్డలోకి దిగేవి. వెలుతురుకు పట్టుకుంటే ఆ గీతలు కనబడేవి. తర్వాత ఎండబెట్టి, మొక్కల రంగులు వేసి, వెదురు బద్దల అచ్చులతో బొమ్మలు వేసేవారు. సువాసన ఉన్న ఆకులూ పువ్వులూ కలిపి వాసన పట్టించేవారు.

చెట్లు పెంచడం మగవాళ్ల పని, కొట్టి గుడ్డ చేయడం ఆడవాళ్ల పని. ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే గుడ్డను పాఊ అనేవారు. మగవాళ్ల గోచీని మాలో అనేవారు. చల్లగా ఉన్నప్పుడు ఇద్దరూ భుజం మీద ముడివేసుకునే దుప్పటి కీహెయి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ పైభాగం బట్ట లేకపోవడం సిగ్గు కాదు. సముద్రంలో దిగి ఎక్కే మనుషులకు, ఏడాది పొడుగునా ఎండ ఉండే చోట, ఆ కట్టు సరిపోయింది.

ఈ కాపా గురించి వాళ్ల పెద్దలు ఒక కథ చెబుతారు. హీనా అనే తల్లి కాపా కొట్టి ఆరేసేది. సూర్యుడు ఆకాశంలో పరుగెత్తి పోవడంతో పొద్దు తొందరగా గూకేది, గుడ్డ ఆరేది కాదు. తల్లి బాధ చూసి కొడుకు మౌయి తాళ్లు పేని, పదివేల అడుగుల హలేయకలా కొండ ఎక్కి, సూర్యుడి కిరణాలను ఉచ్చు వేసి పట్టాడు. ఇకమీద మెల్లగా నడుస్తానని మాట తీసుకున్నాకే వదిలాడు. అప్పటి నుంచి పొద్దు పొడుగైంది, హీనా గుడ్డ ఆరింది. ఒక జాతి తన బట్టకు ఎంత విలువ ఇచ్చిందో ఈ కథలోనే ఉంది. ఎండను తట్టుకోవడం ఎలాగన్నది అందరూ ఆలోచిస్తారు. వీళ్లు ఎండను తమ గుడ్డకు పనిచేయించిన కథ కట్టుకున్నారు.

అయితే కాపాకు లోటు లేదని మేము చెప్పం. అది తడిస్తే మెత్తబడి చిరిగేది. ఉతికి వాడుకునే గుడ్డ కాదు. చిరిగితే మళ్లీ కొట్టుకోవాల్సిందే. పైగా మామూలు జనం తమ దొరలకు పన్నుగా కాపా చెల్లించాల్సి వచ్చేది. ఆ కొట్టుడు చప్పుడు వెనక ఆడవాళ్ల రెక్కల కష్టం ఉంది. ఈ సంగతి గుర్తుంచుకుంటేనే తర్వాత జరిగింది సరిగా అర్థమవుతుంది.

ఓడ మీద కుట్టిన గౌను

1778లో ఇంగ్లీషు ఓడల కెప్టెన్ కుక్ ఆ దీవులకు వచ్చాడు. ఆయన వెనకే వర్తకులు వచ్చారు. చందనపు చెక్క తీసుకుపోయి బదులుగా గుడ్డలు, తుపాకులు, సారా ఇచ్చారు. 1819లో దీవులన్నిటినీ ఏకం చేసిన రాజు కమేహమేహా చనిపోయాడు. అదే సంవత్సరం ఆయన భార్య కాఅహుమాను ముందు నిలబడి, ఆడా మగా కలిసి భోంచేయకూడదన్న పాత నియమాన్ని తెంచేసింది. పాత గుళ్లు కూలాయి. సరిగ్గా ఆ అక్టోబరులోనే అమెరికాలోని బోస్టన్ నుంచి క్రైస్తవ మిషనరీలు థాడియస్ అనే ఓడ ఎక్కారు. 1820 మార్చి చివర హవాయి చేరారు.

ఓడ తీరానికి రాగానే చనిపోయిన రాజు మరో భార్య కలాకువా ఓడ ఎక్కింది. తెల్ల ఆడవాళ్ల గౌన్లు చూసింది. తన దగ్గరున్న తెల్ల గుడ్డ ఇచ్చి, మీ లాంటిదే నాకూ కుట్టండి అంది. ఆ రోజు ఆదివారం, పని చేయం అన్నారు వాళ్లు. సోమవారం ఓడ పైభాగాన చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఏడుగురు మిషనరీ భార్యలు, రాజకుటుంబపు ఆడవాళ్లు కొందరు సూది పట్టారు. ఈ సంగతి ఆ ఏడుగురిలో ఒకరైన లూసీ థర్‌స్టన్ రాసిపెట్టింది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఈ గౌనును మొదట అడిగింది కలాకువాయే. ఆమె చేతకాని మనిషి కాదు, రాణి. కొత్త గుడ్డ, కొత్త కుట్టు తన హోదాకు తోడవుతాయని ఆమెకు తెలుసు. కానీ ఆ ఓడలో వచ్చినవాళ్ల లెక్క వేరు. వాళ్లకు ఆ దీవుల మనుషుల ఒళ్లు కప్పడం అంటే వాళ్లను మనుషులుగా చేయడం. ఒకరు బట్ట అడిగారు, ఇంకొకరు సిగ్గు ఇచ్చారు. రెండూ ఒకే మూటలో వచ్చాయి. తర్వాత ఏళ్లలో రాణులు క్రైస్తవంలో చేరాక, ఒళ్లు కప్పుకోకపోవడం తప్పయిపోయింది. 1830లో కాఅహుమాను జనం మధ్య హులా నాట్యం చేయకూడదని ఆజ్ఞ వేసింది. సొంత రాణే సొంత ఆటను ఆపింది. బయటివాళ్లు ఇచ్చిన సిగ్గు లోపలివాళ్ల నోటి నుంచి రావడం అంటే ఇదే.

బిగుతు గౌను వదులైన తీరు

1819 నాటి అమెరికా గౌను రొమ్ము కింద బిగించి ఉండేది. చేతులు పొడుగు, ఒళ్లంతా ఇరుకు. చలిదేశపు కుట్టు అది. హవాయి రాణులు ఎత్తైన, భారీ మనుషులు. అది వాళ్ల సంప్రదాయంలో గొప్పతనం. బిగించే చోటును పైకి జరిపి, రొమ్ముకు పైన యోక్ పెట్టి, అక్కడి నుంచి కుచ్చులతో గుడ్డను నేరుగా కిందికి వదిలారు. నడుము మాయమైంది. ఇలా పుట్టిన గౌను పేరు హోలోకూ. దాని లోపల వేసుకునే పొట్టి గౌను పేరు మూమూ. ఆ మాటకు తెగినది, కత్తిరించినది అని అర్థం. దానికి యోక్ లేదు, చేతులు పొట్టి. ఇంటి పనికి, నిద్రకు, సముద్ర స్నానానికి ఆడవాళ్లు ఈ లోగౌనునే వాడుకున్నారు. మెల్లమెల్లగా అదే పైగౌను అయింది.

అంటే చలిదేశపు గౌను వేడిదేశపు గౌను కావడానికి కారణం ఆ దీవుల ఆడవాళ్ల ఒళ్లు, ఆ దీవుల ఎండ. కుట్టినవాళ్లు సూది తెచ్చారు. కొలత మాత్రం వేసుకున్నవాళ్లది.

ఇది ఎందుకు చల్లగా ఉంటుందో పిల్లలకు చెప్పడం పంతుళ్లకు తేలిక. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆరాలంటే ఒంటికీ గుడ్డకూ మధ్య గాలి కదలాలి. వదులు గౌనులో వేడెక్కిన గాలి మెడ దగ్గర నుంచి పైకి పోతుంది, కింది అంచు నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. నడిచినప్పుడు గుడ్డ ఊగి కొలిమి తిత్తిలా గాలి తోస్తుంది. ఎడారిలో బెదూయిన్లు నల్లటి వదులు అంగీలు వేసుకోవడం చూసి, 1980లో శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. నల్ల గుడ్డ ఎక్కువ వేడి పట్టినా, ఆ వేడి ఒంటిదాకా రాకుండా లోపలి గాలి మోసుకుపోతోందని, తెల్ల అంగీ వేసుకున్నా నల్ల అంగీ వేసుకున్నా ఒంటికి చేరే వేడి ఒకటేనని తేలింది. గొర్రెలు కాసుకునే మనుషులకు తెలిసిన సంగతిని కొలతలు తర్వాత ఒప్పుకున్నాయి.

గుడ్డ కూడా ముఖ్యమే. మామూలు గాలిలో నూలు తన బరువులో 7 నుంచి 8 శాతం తేమ పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే పాలిస్టర్ చొక్కాలో చెమట ఒంటికే అంటుకుంటుంది. ఈ లెక్కను కాసేపట్లో మన బడుల దగ్గరకు తీసుకొస్తాం.

సూదితో పాటు వచ్చిన అక్షరం

థాడియస్ ఓడలో సూదులతో పాటు అచ్చు యంత్రం కూడా వచ్చింది. 1822 జనవరిలో హవాయి భాషలో మొదటి అచ్చు కాగితం వెలువడింది. 1834లో హవాయి భాషలో పత్రిక వచ్చింది. ఆ తర్వాత నూరేళ్ల కాలంలో ఆ భాషలో దాదాపు వంద పత్రికలు నడిచాయి. ముసలివాళ్లు కూడా పలక పట్టి చదువు నేర్చారు.

అదే కాలంలో ఆ జాతి రాలిపోయింది కూడా. బయటి నుంచి వచ్చిన రోగాలకు వాళ్ల ఒంట్లో ఎదురుశక్తి లేదు. 1832 ప్రాంతపు లెక్కల్లో దీవుల జనం సుమారు 1,30,000. 1890 లెక్కలో హవాయి రక్తం ఉన్నవాళ్లు సుమారు 40,000 మంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. చెరకు తోటల కోసం భూములు పోయాయి. కాపా కొట్టే చప్పుడు తగ్గిపోతూ వచ్చి, ఆ శతాబ్దం ముగిసేసరికి దాదాపు ఆగిపోయింది. అంగట్లో నూలు గుడ్డ దొరుకుతోంది, కొట్టే చేతులు చనిపోతున్నాయి, నేర్చుకునే పిల్లలు లేరు.

1893 జనవరిలో అమెరికా వ్యాపారులు, తోటల యజమానులు కలిసి, అమెరికా నావిక సైనికులు ఒడ్డున దిగి ఉండగా, రాణి లిలియుకలానీని గద్దె దింపారు. 1895లో ఆమెను సొంత రాజభవనంలోనే ఒక గదిలో బంధించారు. ఆ నెలల్లో ఆమె, ఆమె తోడు ఆడవాళ్లు పట్టుగుడ్డల ముక్కలు కలిపి ఒక బొంత కుట్టారు. తన రాజ్యం కథను దారంతో అందులో రాశారు. 1896లో బడుల్లో బోధన ఇంగ్లీషులోనే ఉండాలని చట్టం వచ్చింది. సొంత భాష మాట్లాడితే పిల్లలను దండించారు.

1897లో అమెరికా ఆ దీవులను కలిపేసుకోవడానికి ఒప్పందం తయారు చేసింది. అప్పుడు హవాయి ఆడవాళ్ల సంఘమూ మగవాళ్ల సంఘమూ ఊరూరా తిరిగి, వద్దని అర్జీ మీద సంతకాలు సేకరించాయి. 21,000 కంటే ఎక్కువ సంతకాలు వచ్చాయి. మిగిలింది 40,000 మంది అని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆ కాలపు ఫొటోల్లో ఈ ఆడవాళ్లు హోలోకూలలోనే కనబడతారు. సిగ్గు నేర్పడానికి వచ్చిన గౌను వేసుకుని, దేవుడి మాట చదవడానికి నేర్పిన అక్షరంతో, మా దేశం మాది అని రాశారు. ఆ ఒప్పందం అమెరికా సెనేటులో నెగ్గలేదు. 1898లో ఒప్పందం అవసరం లేని తీర్మానం దారిలో దీవులను కలిపేసుకున్నారు. ఆ అర్జీ మాత్రం వాషింగ్టన్ భాండాగారంలో ఉండిపోయింది. 1990లలో అది మళ్లీ వెలుగులోకి వచ్చినప్పుడు, ఈనాటి హవాయి కుటుంబాలు తమ ముత్తాతల, ముత్తవ్వల పేర్లు అందులో వెతుక్కున్నాయి.

అంగడికెక్కిన మూమూ

ఇరవయ్యో శతాబ్దంలో ఓడల్లో, తర్వాత విమానాల్లో యాత్రికులు వచ్చారు. పువ్వుల బొమ్మల అలోహా చొక్కాలు, రంగురంగుల మూమూలు వాళ్లకు అమ్మడానికి కుట్టారు. కాపా గుడ్డ మీది పాత అచ్చుల బొమ్మలనే మిల్లు గుడ్డ మీద ముద్రించారు. 1959లో హవాయి అమెరికాలో రాష్ట్రమయ్యాక ఈ వ్యాపారం బాగా పెరిగింది. అమెరికా నేల మీది ఇళ్లలో కూడా ఆడవాళ్లు వేసవిలో మూమూ వేసుకున్నారు.

మగవాళ్ల సంగతి తమాషాగా ఉంటుంది. అంత వేడిలోనూ ఆఫీసుల్లో కోటు, టై కట్టుకోవాల్సిందే. 1946లో హోనలూలూ వర్తక సంఘం వేసవికి తగిన ఆఫీసు బట్టలు ఎలా ఉండాలో పరిశీలించడానికి డబ్బు పెట్టింది. నగర ఉద్యోగులకు జూన్ నుంచి అక్టోబరు దాకా కోటు లేకుండా చొక్కాతో రావడానికి అనుమతి ఇచ్చారు. 1962లో బట్టల తయారీదారులు శాసనసభ్యులకు ఒక్కొక్కరికి రెండేసి అలోహా చొక్కాలు పంచి, వేసవిలో అవి వేసుకోవచ్చని తీర్మానం చేయించారు. 1966 నుంచి శుక్రవారాల్లో ఆఫీసుకు అలోహా చొక్కా వేసుకోవడం మొదలైంది. ఆ దీవుల మనుషులు గోచీ కట్టుకుని గాలిలో హాయిగా ఉన్నప్పుడు అది అనాగరికం అన్నారు. నూట నలభై ఏళ్ల తర్వాత, ఈ వేడిలో కోటు వేసుకోలేం, చట్టం మార్చండి అని అదే నాగరికులు అడిగారు. ఎండ ముందు అందరూ ఒకటే.

కానీ ఈ అంగడిలో ఒక బాధ ఉంది. మూమూ వేసుకుని, మెడలో పూలదండతో నవ్వుతూ నిలబడే హవాయి పిల్ల బొమ్మ ప్రకటనల్లోకి ఎక్కింది. ఆమె భాష బడిలో లేదు. ఆమె తాతల భూమి ఆమె చేతిలో లేదు. ఆమె గౌను మాత్రం అందరికీ ముద్దు. ఒక జాతి బట్టను మెచ్చుకోవడం వేరు, ఆ జాతిని గౌరవించడం వేరు అని ఇక్కడ తెలుస్తుంది.

ఒక గౌను, చాలా దీవులు

ఈ కథ హవాయితో ఆగదు. పసిఫిక్ దీవుల్లో మిషనరీలు వెళ్లిన చోటల్లా ఇలాంటి వదులు గౌన్లు పుట్టాయి. వనువాటులో దాన్ని దీవి గౌను అంటారు. ఫ్రెంచి పాలనలో ఉన్న న్యూ కలెడోనియాలో కనాక్ ఆడవాళ్లు మిషన్ గౌను అంటారు. పేరులోనే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఉంది. అయినా కనాక్ ఆడవాళ్లు దాన్ని ఇవాళ తమ గుర్తుగా వేసుకుంటున్నారు. ముదురు రంగులు, లేసులు పెట్టి కుట్టించుకుని, ఆ గౌన్లలోనే జట్టు కట్టి క్రికెట్ ఆడతారు. ఆ క్రికెట్ కూడా మిషనరీలతో వచ్చిందే. ఇప్పుడు దాని నియమాలు వీళ్లవి.

వచ్చినదాన్ని సొంతం చేసుకోవడం ఓడిపోవడం కాదని ఈ ఆడవాళ్ల నుంచి నేర్చుకోవచ్చు. అలాగని పోయినదాన్ని మరిచిపోవాలనీ కాదు.

మన ఒంటి మీది మాట

ఇక మన దగ్గరకు వద్దాం. ఎవరు ఏం కట్టాలో ఇంకొకరు చెప్పడం మన దేశంలోనూ జరిగింది, కొన్ని చోట్ల తలకిందులుగా జరిగింది. తిరువాన్కూరు రాజ్యంలో నాడార్ ఆడవాళ్లు రొమ్ము కప్పుకోవడానికి వీల్లేదన్నారు. పెద్ద కులాల ముందు కప్పుకోకపోవడమే మర్యాద అన్నారు. ఆ ఆడవాళ్లు దశాబ్దాలు పోరాడారు, దెబ్బలు తిన్నారు. 1859లో వాళ్లు పైబట్ట వేసుకోవచ్చని రాజు ప్రకటించాల్సి వచ్చింది. హవాయిలో కప్పుకో అన్నారు, తిరువాన్కూరులో కప్పుకోవద్దన్నారు. రెండు చోట్లా మాట చెప్పింది ఆ ఒళ్లు కాదు, ఆ ఒంటి మీద అధికారం కోరినవాళ్లు. గుడ్డ ఎంత పొడుగన్న లెక్క కంటే ఈ లెక్క పెద్దది.

మన మన్యంలో గదబ ఆడవాళ్లు కెరాంగ్ అనే మొక్క నార తీసి, పత్తి నూలుతో కలిపి, చిన్న మగ్గం మీద అడ్డచారల గుడ్డ నేసుకున్నారు. హవాయిలో బెరడు కొట్టిన చేతులకూ ఈ చేతులకూ మధ్య సముద్రాలున్నా పని ఒకే రకం. ఇవాళ ఆ గుడ్డ నేయగలిగిన చేతులు ఎన్ని ఉన్నాయో మన చుట్టూ చూసుకుంటే చాలు. మన్యంలో పెద్దవయసు అవ్వలు రవిక లేకుండా, చీర కొంగును భుజం మీద ముడివేసి, పిక్కల పైకి కట్టే కట్టు ఉంది. వాగు దాటడానికి, పొలంలో వంగడానికి, ఎండలో నడవడానికి తగిన కట్టు. తాండాల్లో లంబాడీ అవ్వల ఘేరున్న ఫేటియా కాళ్లకు గాలి తోస్తుంది. హవాయి గౌనులో పనిచేసే గాలి లెక్కే ఇందులోనూ పనిచేస్తుంది.

హైమెన్‌డార్ఫ్ 1940లలో చెంచుల, కొండరెడ్ల, గోండుల మధ్య తిరిగి తీసిన ఫొటోలు మనలో చాలామంది చూశారు. ఆ ఫొటోలు తరగతి గదిలో చూపిస్తే పిల్లలు తల దించుకుంటారు, కొందరు నవ్వుతారు. తప్పు పిల్లలది కాదు. చూడడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. ఈసారి చూపించేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: ఈ అవ్వ ఎక్కడ నిలబడి ఉంది, ఎంత ఎండ ఉంది, ఏం పని చేస్తోంది, ఆ పనికి ఈ కట్టు ఎందుకు తగింది? అప్పుడు ఆ ఫొటోలో బీదరికం ఒక్కటే కాకుండా తెలివి కూడా కనబడుతుంది. బీదరికం లేదని కాదు. ఒకే ఫొటోలో రెండూ ఉండవచ్చు.

కొత్తగూడెం, భద్రాచలం వైపు వేసవిలో 45 డిగ్రీల ఎండ మనకు కొత్త కాదు. ఒంటిపూట బడులు నడిచే ఆ రోజుల్లో మన పిల్లల ఒంటి మీద చాలా చోట్ల పాలిస్టర్ కలిపిన యూనిఫాం ఉంటుంది. మెడ దాకా బొత్తాలు, కొన్ని చోట్ల టై కూడా. ఇందాకటి 8 శాతం, అర శాతం లెక్క ఇక్కడ పనికొస్తుంది. హవాయిలో 1946లో అడిగిన ప్రశ్నే మన తల్లిదండ్రుల కమిటీలు ఇప్పుడు అడగవచ్చు: ఈ ఎండకు ఈ గుడ్డ ఎవరు ఎంచారు? నూలు గుడ్డతో, వదులు కుట్టుతో యూనిఫాం ఎందుకు ఉండకూడదు? ఇది సంప్రదాయం గురించిన గొడవ కాదు, పిల్లల ఒంటి గురించిన న్యాయమైన ప్రశ్న.

ఇంకో మాట మనకు మనమే చెప్పుకోవాలి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు మనం సంప్రదాయ దుస్తులు వేసుకుని ఊరేగుతాం. అధికారులు వస్తే స్వాగతానికి మన ఆడపిల్లలను ఆ దుస్తుల్లో వరుసగా నిలబెడతాం. మర్నాడు అదే కట్టులో బజారుకు వచ్చిన అవ్వను చూసి మన పిల్లలే పక్కకు తప్పుకుంటారు. ప్రకటనలోని మూమూ పిల్ల బొమ్మ మనకు గుర్తుకు రావాలి. ఒక రోజు మెప్పుకు వేసుకునే బట్ట వేషం అవుతుంది. రోజూ వేసుకునే బట్ట, లేదా రోజూ గౌరవించే బట్ట, మనదవుతుంది.

మళ్లీ మోగిన దిమ్మె

హవాయిలో 1970లలో ఒక మేల్కొలుపు వచ్చింది. 1976లో పాత నమూనాలో కట్టిన హోకులేయ పడవ దిక్సూచి లేకుండా, నక్షత్రాలు చూసుకుంటూ తహీతి దాకా వెళ్లింది. 1978లో హవాయి భాష మళ్లీ అధికార భాష అయింది. 1984లో ఆ భాషలోనే మాట్లాడే చిన్నపిల్లల బడి మొదలైంది. ఆ రోజుల్లోనే కొందరు ఆడవాళ్లు, మగవాళ్లు కాపా కొట్టడం నేర్చుకోవాలనుకున్నారు. నేర్పే అవ్వలు మిగలలేదు. మ్యూజియాల్లో దాచిన పాత కాపా ముక్కలను, కట్టెలను పరిశీలించారు. పాత పత్రికల్లో తమ భాషలో రాసిపెట్టిన మాటలు చదివారు. బెరడు గుడ్డ పని ఇంకా బతికి ఉన్న సమోవా, టోంగా దీవుల నుంచి నేర్చుకున్నారు. తప్పులు చేస్తూ, చిరుగుతూ, మళ్లీ కొడుతూ పని పట్టుకున్నారు. 2011లో హీలో పట్టణపు పెద్ద హులా ఉత్సవంలో నాట్యగత్తెలు కొత్తగా కొట్టిన కాపా కట్టుకుని ఆడారు. ఒక రాణి ఆపిన ఆట, ఒక శతాబ్దం మరిచిన గుడ్డ, రెండూ ఒకే వేదిక ఎక్కాయి.

వాళ్లు మూమూను పారేయలేదు కూడా. జనవరి నెలను మూమూ నెలగా పెట్టుకుని, పాత మూమూలను పెట్టెల్లోంచి తీసి, రోజుకొకటి వేసుకుంటున్నారు. ఇది మా అమ్మమ్మది, ఇది మా మేనత్త పెళ్లి నాటిది అని చెప్పుకుంటున్నారు. కాపా వాళ్లదే, మూమూ వాళ్లదే. ఒకటి వాళ్లు చేసినది, ఒకటి వాళ్లు మార్చుకున్నది.

వాళ్లకు నేర్పేందుకు అవ్వలు మిగలలేదు, రాసిపెట్టిన పత్రికలు మిగిలాయి. మన సంగతి దీనికి తలకిందులు. మనకు రాసినవి తక్కువ, అవ్వలు ఇంకా ఉన్నారు. ఇది మనకున్న గడువు. అది ఎంతో కాలం ఉండదు.

అందుకని మన చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఇంతే. ఈ వేసవి సెలవుల్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. మీ అవ్వను, పక్కింటి అవ్వను అడగండి. మీ చిన్నప్పుడు ఎండాకాలం ఏం కట్టేవారు? ఆ గుడ్డ ఎవరు నేశారు, ఏ సంతలో కొన్నారు, ధర ధాన్యంలో ఇచ్చారా డబ్బులో ఇచ్చారా? ఆ ముడి పేరేంటి, ఆ అంచు పేరేంటి? రవిక మొదటిసారి ఎప్పుడు వేసుకున్నారు, ఎవరు వేసుకోమన్నారు, అప్పుడు మీకేమనిపించింది? జవాబులు కోయలోనో, కువిలోనో, గోండిలోనో, గోర్ బోలిలోనో, అవ్వ చెప్పిన మాటల్లోనే తెలుగు లిపిలో రాయండి. తెలుగు మాట వెతికి మార్చకండి. పంతుళ్లు ఈ పనిని సెలవుల పనిగా ఇవ్వండి, తిరిగి వచ్చాక తరగతిలో చదివించండి.

అలా రాసిన పది నోటు పుస్తకాలు ఒక చోట చేరితే, మన బట్టల చరిత్రకు అదే మొదటి పత్రిక.